పుంగనూరు చెరువులో సముద్రపు చేప

నాలో ఒక మంచి గుణం ఉంది. పుట్టిన ఊరి పరువు కోసం ఏం చేయడానికైనా వెనకాడను. గొప్పకు చెప్పడం లేదు, ఉన్న మాట చెబుతున్నా. ఆ గుణం వల్లే మొన్నొక ఆదివారం ఆ ఊరంతా చెరువు కట్ట మీద నిలబడి నన్ను తిట్టింది. ఎట్లాగంటారా? టీ చల్లారకముందే చెప్పేస్తాను, వినండి.

మదనపల్లెలో నాది జిరాక్స్ అంగడి. అరుణ అని ఒకమ్మాయి, యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తోందట, కాగితాలు తెచ్చింది. అన్నీ పక్షుల పేర్లు, పక్కన గళ్లు. ఏరు సముద్రంలో కలిసేచోట నీళ్లు చెడిపోతే పక్షులు ఎట్లా తగ్గిపోతాయో చాలాకాలం తిరిగి చూసిందట. ఇప్పుడు మన మెట్ట చెరువుల్లోనూ అదే చూస్తోంది. కుప్పం పక్కన మంచినీళ్ల చెరువొకటి, పుంగనూరు పక్కన టౌను మురికికాలవ వచ్చి పడే చెరువొకటి.

"కుప్పం చెరువులో పక్షులు కిటకిటలాడుతున్నాయి సార్. పుంగనూరు వైపు చూసి రాసేవాళ్లే దొరకలేదు" అంది.

ఆ చెరువు ఎవరిదనుకున్నారు? మా మేనమామ చిన్నప్ప ఊరిది! నేను పుట్టిన ఊరు!

"నేనుండాను కదా మేడమ్! పక్షులంటే నాకు ప్రాణం" అన్నాను. అప్పటికి నాకు తెలిసిన పక్షులు కాకి, కొంగ, చికెన్ సిక్స్‌టీఫైవ్.

ఈ లెక్క ఎందుకో ఆమె చెప్పబోయింది. "అర్థమైంది మేడమ్" అనేశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ రమణమ్మ మూతి తిప్పింది. ఆమె పుట్టిల్లు కుప్పం. "మా కుప్పానికి పక్షులు యాల వస్తాయో తెల్సునా? ఆడ మర్యాద ఉండాది గాబట్టి. మీ చెరువు కంపుకు దోమ గూడా ముక్కు మూసుకుంటాది."

ఇక పట్టుదల రాకుండా ఉంటుందా?

ఆదివారం తెల్లారేసరికి స్కూటర్ మీద చెరువు దగ్గర ఉన్నాను. కుప్పంలో లెక్క ముగించుకుని పొద్దెక్కాక వస్తానంది అరుణ. అంతవరకు నేనే రాజు. కానీ రాజ్యం చూద్దును కదా, నల్లటి నీళ్లు, అంచుల్లో నురగ, ఒక్క పక్షి లేదు! ప్రతి గడిలోనూ సున్నా పెట్టాలి. కళ్ల ముందు రమణమ్మ మూతి ఇటు తిరిగి అటు తిరుగుతోంది.

మీరే చెప్పండి. పెళ్లిచూపులకు వస్తున్నారంటే పక్కింటి కుర్చీలు తెచ్చి వేసుకోమా? దాన్ని ఎవరైనా మోసం అంటారా?

టిఫినుకు తెచ్చుకున్న బొరుగులు కట్ట మీద చల్లాను. కాకులొచ్చాయి. వాటి వెనకే ఎవరిదో మేకల మంద వచ్చి బొరుగులు, బొరుగుల కవరు రెండూ తినేసింది. లాభం లేదని పుంగనూరు పోయి చేపల అంగట్లో తలలు, పేగులు బక్కెట్ నిండా అడిగాను. ఎట్లాగూ పారేసేవే కదా!

"పిల్లిని పెంచతాండావా అన్నా?" అన్నాడు అంగడాయన.

"లేదప్పా, ఊరి పరువు" అన్నాను.

బక్కెట్ ఒడ్డున కుమ్మరించానో లేదో, గద్దలు, కొంగలు, పేరు తెలియని ఇంకేవో, ఆకాశం చిల్లుపడినట్టు దిగాయి! గళ్లు చాలక కాగితం వెనక కూడా రాశాను.

అరుణ వచ్చింది. అప్పుడే మా చిన్నప్ప మామ, ఊళ్లోవాళ్లను వెంటేసుకుని, ఆమెకని చెంబుతో మజ్జిగ తెచ్చాడు.

"ఇన్ని పక్షులా?" అంది అరుణ.

"మా ఊరి నీళ్లు మేడమ్!" అని రొమ్ము విరుచుకున్నాను. ఆమె ముఖం వాడిపోయింది.

మామ దగ్గరికొచ్చి, "తల్లీ, మా కాలవ సంగతి రాస్తివా?" అన్నాడు.

"ఏం రాయమంటారు పెద్దాయనా? మురికి వల్ల ఇక్కడికి పక్షులు రావట్లేదని చూపిస్తే, కాలవ మళ్లించమని ఆఫీసర్లను అడిగేదానికి ఒక ఆధారం ఉండేది. ఇది చూస్తే ఈ నీళ్లు బాగున్నాయనే అంటారు."

"బాగుండాయా? మా బర్రెలు మూతి గూడా పెట్టవే! నిన్నటిదాకా ఒక్క కొంగ లేదు, ఇయ్యి యాడినుంచి వచ్చె? ఏం అల్లుడూ, పొద్దున్నుంచి ఈడనే ఉండావు కదా, సెప్పు!"

అరుణకు తెచ్చిన మజ్జిగ నేను తాగేశాను. నోరు తెరిచేలోపల, కొట్లాడుకుంటున్న రెండు గద్దల్లో ఒకటి తన నోటి కూడు జారవిడిచింది. అది వచ్చి సరిగ్గా నా లెక్కల కాగితం మీద పడింది. చేప తల!

అరుణ దాన్ని వేళ్లతో ఎత్తి చూసింది. సముద్రపు ఒడ్డున తిరిగిన మనిషి కదా, తెలియకుండా ఉంటుందా?

"ఇది సముద్రపు చేప. సముద్రం పుంగనూరుదాకా ఎప్పుడొచ్చింది సార్?"

ఇక దాచేదేముంది? బక్కెట్ చూపించాను.

"ఒరే అల్లుడా!" అని మామ చెంబు ఎత్తాడు. మజ్జిగ లేదు కాబట్టి తేలిగ్గానే లేచింది. "ఆ కాలవ ఆపించాలని ఊరంతా కాళ్లరిగేలా తిరగతాండాము. నువ్వొచ్చి నీళ్లు బాగుండాయని సాచ్చిం చెప్తివా? జిరాక్స్ మిషన్‌కైనా ఒక కాగితం పెట్టాల గదరా. నువ్వు ఏమీ పెట్టకుండానే నూరు తీస్తివే!"

ఊరంతా తలా ఒకటి తిట్టారు. కట్ట మీద ఆడవాళ్లయితే నవ్వారు. ఆ నవ్వు తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

అరుణ ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, వచ్చే ఆదివారం మళ్లీ లెక్కపెడదామంది. కాళ్లావేళ్లా పడితే నన్నూ రానిచ్చారు. పక్కనే కర్రతో మామ కాపలా. పొద్దెక్కి అరుణ వచ్చేదాకా ఇద్దరం కూర్చున్నాం. ఒక్క రెక్క వాలలేదు. ప్రతి గడిలోనూ సున్నా పెట్టాను. సున్నా పెట్టినప్పుడల్లా మామ, "ఆఁ, అట్ల!" అంటాడు.

ఆఖరున చాలా ఎత్తులో ఒక కొంగ కుప్పం దిక్కుగా పోతోంది.

"మామా, అది మన చెరువును చూసింది కదా. రాయొచ్చునా?"

మామ కర్ర పైకి లేచింది.

ఆ సున్నాల కాగితం ఇప్పుడు ఆఫీసర్ల దగ్గరుంది. జవాబు రాలేదు, కాలవ అట్లాగే వచ్చి పడుతోంది. కొంగకూ గద్దకూ తేడా నాకు తెలిసొచ్చింది. లేనిదాన్ని లేదని రాసి, చేతులు కట్టుకుని ఊరకే కూర్చోవడం మాత్రం నాకు ఇంకా రాలేదు.