తలనొప్పి రాని పిల్ల

2023 వేసవి. తెనాలిలో ఒక థియేటర్లో నేను ప్రొజెక్టర్ ఆపరేటర్ని. రీళ్ళ కాలం నుంచీ ఇదే పని. నా నోటి దురుసు ఊళ్ళో చాలామందికి తెలుసు. మెషీన్‌ని ఎవరైనా ఒక మాటంటే నన్ను అన్నట్టే ఉంటుంది నాకు.

ఆ ఆదివారం పిల్లల త్రీడీ బొమ్మ వేశాం. త్రీడీలో పెద్ద మాయేం లేదు. కుడి కంటికొక ప్రొజెక్టరు, ఎడమ కంటికొకటి, వాటి ముందు చెరో ఫిల్టరు. ఏ కంటి బొమ్మను ఆ కంటికే పంపడం కళ్ళద్దాల పని. రెంటినీ కలిపి లోతు చూసుకునేది మాత్రం మన మెదడే. అవి తారుమారైతే దగ్గరున్నది వెనక్కి పోతుంది, వెనకున్నది ముందుకొస్తుంది. తప్పేంటో తెలియకుండానే తలనొప్పి పట్టుకుంటుంది.

పావుగంటకే గోల మొదలైంది. "ఏంటండీ ఇది, తల పగిలిపోతోంది!" అని జనం లేచారు.

"మెషీన్ బంగారంలా ఉంది. మీ కళ్ళే చూపించుకోండి!" అని కసిరాను.

తీరా అద్దాలు పెట్టుకుని చూద్దును కదా, ముందున్న కుందేలు కంటే వెనకున్న కొండ దగ్గరగా కనిపించింది. పొద్దున ఫిల్టర్లు తుడిచి ఒకదాని చోట ఒకటి పెట్టింది నేనే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు జనం మీద పడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను. బొమ్మ ఆపి, ఫిల్టర్లు సరిచేసి, మళ్ళీ వేసి, క్షమాపణ చెప్పడానికి కిందికి దిగాను.

"మా కెజియా ఒక్కతే గొడవ చెయ్యలేదండి, బుద్ధిగా చూసింది" అంది ఒకావిడ. పేరు సువార్త, రేపల్లెలో బట్టలు కుడుతుంది. పక్కనే ఆరేళ్ళ కూతురు.

"బాగుంది తాతా, ఎందుకాపావు?" అంది కెజియా. ఒక్కరికైనా నచ్చిందని పొంగిపోయాను. మరుక్షణం అనుమానమొచ్చింది. ముందూ వెనకా తారుమారైన బొమ్మ ఈ పిల్లకెలా నచ్చింది?

"ఇప్పుడు చూడమ్మా, ఏమైనా మారిందా?"

"లేదు తాతా, అలానే ఉంది."

ఇంటర్వెల్లో లైట్లు వేశాక ఆ పిల్ల ఎడమ కన్ను అరచేత్తో మూశాను. కదల్లేదు. కుడి కన్ను మూశానో లేదో, నా చెయ్యి పట్టుకుని లాగేసింది. "తియ్యి తాతా! లైట్లార్పేశావేంటి?"

సువార్త మొహం పాలిపోయింది. "గ్లాసులో మజ్జిగ పొయ్యమంటే బయట పోస్తదండి. మెట్లు దిగుతా పడిపోద్ది. పెంకితనమనుకుని కొట్టానండి" అని కూతురి చేతులు ముద్దుపెట్టుకుంటూ ఏడ్చింది. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మర్నాడే ముగ్గురం కంటి డాక్టరు దగ్గరికెళ్ళాం. ఎడమ కంట్లో పవర్ ఎక్కువుండటంతో మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేసిందట. లేజీ ఐ అంటారు. "చిన్నప్పుడే తెచ్చారు, నయం. ఆలస్యమయ్యేకొద్దీ ఆ చూపు రావడం కష్టం" అన్నారాయన. కళ్ళద్దాలిచ్చి, ఎడమ కంటికి పని అలవాటయ్యేలా, మంచి కన్ను మూసి రోజూ కొన్ని గంటలు ప్యాచ్ అంటించమన్నారు.

"ప్యాచ్ పీకేస్తోందండి, ఇక కొట్టడానికి నాకు చెయ్యి రావట్లేదు" అని సువార్త ఫోన్ చేసేది. హాలంతటినీ కసిరే నేను ఫోన్లో ఆ పిల్ల కాళ్ళావేళ్ళా పడేవాణ్ణి.

మరుసటి వేసవిలో మళ్ళీ వచ్చారు. ప్రొజెక్టర్ నడుస్తుండగా నేను కిందికొచ్చి కెజియా పక్కన కూర్చున్నాను. తెర మీద పులి దూకింది. పిల్ల కెవ్వుమని నా చొక్కా పట్టుకుంది. "మీదకొచ్చేస్తోంది తాతా! ఆపు, ఆపు!" అటు పక్క సువార్త నవ్వుతూనే ఏడుస్తోంది. ఆపమన్న మాట నాకు అంత తియ్యగా ఎప్పుడూ వినిపించలేదు.

ఇప్పుడు బొమ్మ బాలేదని ఎవరన్నా మారుమాట లేకుండా మెషీన్ చూస్తాను. అందరూ బాలేదన్నప్పుడు ఒక్కరే బాగుందంటే మాత్రం, ముందు ఆ మనిషిని చూస్తాను.