లువీజా గడపలో బతుకమ్మ

శ్రీరాంపూర్ బొగ్గుగనుల కాలనీలో భూమిక పేరెత్తితే జనం ముందుగా అనే మాట, "పాపం, ఇటలీ పోయి చదువు సాగక వచ్చింది గదా" అని. ఆ పాపంలో జాలి ఎంతో సంబరం ఎంతో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. కాలనీ నుంచి విదేశం పోయిన మొదటి ఆడపిల్ల ఆమె. పోయిన రోజు బస్టాపు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. వచ్చిన రోజు మాత్రం ఎవరికీ తీరిక లేకపోయింది. ఇప్పుడు మంచిర్యాలలో ఒక ప్రైవేటు బడిలో ఆరో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతోంది. ఎవరైనా "ఇటలీ మేడం" అని పిలిస్తే పలుకుతుంది. పలక్కపోతే పొగరంటారు మరి.

చదువు సాగక వచ్చిందన్నది ఉత్త మాట. అసలు సంగతి వేరే ఉంది. దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే చెబితే అది పోయి తగిలేది తల్లి దుర్గవ్వకే. చదువు రానిదని అనిపించుకోవడమే నయమనుకుంది. అనిపించుకోవడం మొదలుపెట్టాక తెలిసింది, ఇది ఒకరోజుతో తీరేది కాదని.

దుర్గవ్వ అంటే కాలనీలో అందరికీ గురి. బతుకమ్మ వచ్చిందంటే మొదటి పాట ఆమె ఎత్తుకోవాల్సిందే. ఎవరింట్లో పిల్లకు జ్వరమొచ్చినా, ఎవరికి సంబంధం తప్పిపోయినా, ఏ దేవతకు ఏం తక్కువైందో చెప్పేది ఆమే. భర్త మొగిలి గనిలో పని చేసి వచ్చి అన్నం తిని పడుకునే మనిషి, ఇంట్లో రెండో మాట లేదు. అట్లాంటి తల్లికి, నీ మాట విన్నందుకే నా బతుకు ఇట్లా అయిందని ఏ నోటితో చెబుతుంది?

ఈ యేడు పెత్రమాస, అదే పెద్దల అమావాస్య, వెళ్ళిన వారంలో, పక్క క్వార్టరు శంకరవ్వ కూతురు దీపిక గంతులేసుకుంటూ వచ్చింది. దానికీ వీసా వచ్చింది. అదే కరీంనగర్ కన్సల్టెన్సీ, అదే దేశం, అట్లాంటిదే ఇంకో చిన్న ఊరు. దసరా వెళ్ళగానే ప్రయాణం.

"అక్కా, ఏమేం కొంటవోవాలె? ఆడ మనుషులు ఎట్లుంటరు?" అని మంచం మీద చతికిలబడింది.

భూమిక నోరు తెరిచే లోపలే వంటింట్లోంచి దుర్గవ్వ అందుకుంది. "ఇగో దీపికా, మా పిల్ల లెక్క చెయ్యకు. ఇది ఆడ బతుకమ్మ పేర్చలే. పరీక్షలున్నయన్నది. ఏమైంది మల్ల? పరీక్షలూ పాయె, చదువూ పాయె. నువ్వు మటుకు గౌరమ్మను మరువకు. పోంగనే ఇంటామెకు పువ్వులియ్యి, బొట్టు పెట్టు. ఒట్టి చేతుల గడప తొక్కకు."

"సరే పెద్దమ్మా" అంది దీపిక.

ఇన్నాళ్ళూ మూసిపెట్టిన మాట తనొక్కదాన్నే తింటోంది, పోనీ అనుకుంది భూమిక. ఇప్పుడు అదే గుంటలోకి ఇంకో పిల్ల పువ్వులు పట్టుకుని నడవబోతోంది. చెబితే తల్లి విరిగిపోతుంది. చెప్పకపోతే దీపిక మునుగుతుంది.

ఇటలీ నడుమన కొండ నెత్తిన ఉంటుంది భూమిక చదివిన ఊరు. కన్సల్టెన్సీ అతను రోమ్ పక్కనే అన్నాడు. ఆ పక్కన అనేది రైలు, బస్సు కలిపి సగం రోజు. ఊరికి ఉన్నది ఒకటే వీధి, మిగతావన్నీ మెట్లు. మధ్యాహ్నమైతే దుకాణాలన్నీ తలుపులు బిగించుకునేవి, ఆకలైతే మీ ఖర్మ. పరీక్షంటే రాయడం కాదు. ప్రొఫెసరు ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలి, వెనకాల తతిమ్మా పిల్లలు చెవులు రిక్కించుకుని వింటుంటారు. అయినా భూమిక చెప్పింది, పాసైంది. శుక్రవారం సాయంత్రం ఆ దేశం పిల్లలంతా పెట్టెలు ఈడ్చుకుంటూ బస్సెక్కి తల్లుల దగ్గరికి పోయేవాళ్ళు. ఆదివారం డబ్బాల నిండా కూరలతో దిగేవాళ్ళు. నడుమ రెండు రోజులు ఆ ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళు, పావురాలు, తనలాంటి పరదేశం పిల్లలు. దిగులుకు మందు లేదు. పోనీ ఏడుద్దామన్నా పక్కగదికి వినిపిస్తుంది.

అయినా ఆమెకు లువీజా దొరికింది. కింద గది భూమికకు ఇచ్చి పైన తను ఉండేది. డెబ్బై దాటిన మనిషి. భర్త ఒకప్పుడు బస్సు నడిపినవాడు, అప్పటికి మంచంలో ఉన్నాడు. ఆయన్ని లేపి కూర్చోబెట్టడానికి భూమిక రోజూ ఓ చెయ్యి వేసేది. ప్రతిగా లువీజా గిన్నెలో పులుసు పంపేది. ఉప్పూ కారం లేని పులుసే గానీ, వేడివేడిగా గది తలుపు దాకా వచ్చేది. ఇద్దరికీ మాటలు సగం సగమే అర్థమయ్యేవి. అయినా కుదిరింది.

ఆ యేడు పండుగ ఆలస్యంగా వచ్చింది. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు దుర్గవ్వ ఫోన్ చేసింది. "ఇంటాయనకు పానం బాగలేదంటివి గదా. ఆయన సల్లగుండాలని మొక్కి బతుకమ్మను పేర్చు బిడ్డా. పేర్చి వాళ్ళ గడపల పెట్టు, దీపం ముట్టియ్యి."

తంగేడు లేదు, గునుగు లేదు. ఏం పెట్టి పేర్చాలి దేవుడా అనుకుంటూ వీధిలోకి పోయింది. పూలకొట్టు ముందు ఎక్కడ చూసినా చామంతులే. పచ్చవి, తెల్లవి, ఊదావి, కుండీలకు కుండీలు. భూమికకు ఏడుపొచ్చేంత సంతోషమైంది. మన పండుగ పువ్వు ఈ కొండ మీద కూడా సరిగ్గా ఇదే నెలలో పూస్తుందంటే, గౌరమ్మ తనను వెతుక్కుంటూ వచ్చిందనే అనుకుంది.

స్టీలు పళ్ళెంలో వరుస మీద వరుస పేర్చింది. పసుపు ముద్దతో గౌరమ్మను చేసి పైన నిలిపింది. గదిలో ఒక్కతే చుట్టూ తిరిగి పాడుకుంది, తనకే నవ్వొచ్చింది. తరువాత మెట్లెక్కి లువీజా గడపలో పెట్టి, పక్కన చిన్న దీపం ముట్టించి, ముసలాయనకు నయం కావాలని నిండు మనసుతో మొక్కి తలుపు తట్టింది.

తలుపు తీసిన లువీజా కింద చూసింది. ముఖాన నెత్తురు చుక్క లేదు. మెల్లగా తలుపు మూసింది.

తెల్లారి పువ్వులు చెత్తబుట్టలో ఉన్నాయి. పళ్ళెం కడిగి గుమ్మం పక్కన ఆనించి ఉంది. ఏమైందో తోటి విద్యార్థిని చెప్పింది. ఆ దేశంలో చామంతులు సమాధుల మీద పెట్టే పువ్వులు, ఇంకో చోట పెట్టరు. నవంబరు మొదట్లో చనిపోయినవాళ్ళ పండుగ వస్తుంది, అప్పుడు ప్రతివాళ్ళూ చామంతులూ దీపమూ పట్టుకుని శ్మశానానికి పోతారు. కొట్లనిండా ఆ పూలు అందుకే. చావుబతుకుల్లో ఉన్న మనిషి గడపలో భూమిక పోయి దీపంతో సహా ఒక సమాధిని పేర్చి వచ్చింది.

పరుగెత్తుకుని పోయి లువీజా చేతులు పట్టుకుంది. తమ పండుగ అది, ప్రాణానికి మొక్కే పండుగ అని వచ్చిన నాలుగు మాటల్లో చెప్పుకుంది. లువీజా అంతా విన్నది. నీకు తెలియదని నాకు తెలుసమ్మా అంది. కానీ చెయ్యి విడిపించుకుంది.

ఆ వారంలోనే ముసలాయన పోయాడు. ఎప్పుడో పోవలసినవాడే, డాక్టర్లు చేతులెత్తేశారు. అయితేనేం, కళ్ళతో చూసినదాన్ని ఎవరు మరిచిపోతారు? కొడుకు వచ్చి, చాలా మర్యాదగా, అమ్మ నిన్ను చూసినప్పుడల్లా వణుకుతోంది, వేరే గది చూసుకో అన్నాడు. అదే మాట, పువ్వుల సంగతితో సహా, ఫోన్‌లోనూ రాసి పంపాడు. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టడానికి ఉండేది. చిన్న ఊరు, రొట్టెల దుకాణంలో అన్న మాట చర్చి దాకా పోవడానికి ఎంతసేపు? చావును గడపలో పెట్టిన పిల్లకు గది ఇచ్చేదెవరు? ఉండే చోటుకు కాగితం లేకపోతే ఆ దేశంలో ఉండటానికి అనుమతి లేదు. చలికాలమంతా తోటి విద్యార్థుల గదుల్లో నేల మీద పడుకుంది. వాళ్ళకూ ఇంటివాళ్ళ భయమే. ఎండలు వచ్చేసరికి భూమిక శ్రీరాంపూర్‌లో ఉంది.

వచ్చిన రోజు దుర్గవ్వ అడిగింది, "ఆనాడు బతుకమ్మను పేర్చినవా?" అని. కొలిమిలో కాల్చి అడిగినా భూమిక నిజం చెప్పకపోయేది. "లేదవ్వా, పరీక్షలుండె, పేర్చలే" అంది. తల్లిని కాపాడాననుకుంది. ఆ ఒక్క అబద్ధంతో దుర్గవ్వకు కారణం దొరికింది, కాలనీకి కథ దొరికింది. పాసైన పరీక్షల సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే మరి ఎందుకొచ్చినవని అడుగుతారు.

దీపిక ప్రయాణం దగ్గర పడుతుంటే ఆగలేకపోయింది. సాయంత్రం దాన్ని డాబా మీదికి పిలిచి మొత్తం చెప్పింది. చామంతులు ముట్టుకోకు, ఏ పువ్వైనా ఆ ఊరివాళ్ళను అడిగి కొను అని మరీ మరీ చెప్పింది. "మా అవ్వకు మటుకు తెల్వద్దు. ఒట్టు పెట్టు" అంది.

దీపిక ఒట్టు పెట్టింది. మెట్లు దిగి నేరుగా పోయి తల్లికి చెప్పింది. శంకరవ్వ కడుపులో మాట నిలిస్తే సూర్యుడు పడమట పొడుస్తాడు.

సద్దుల బతుకమ్మ నాడు కాలనీ గ్రౌండులో ఆడవాళ్ళంతా చేరారు. బతుకమ్మలు నడుమ పెట్టారు. పాట ఎత్తుకోవాల్సిన దుర్గవ్వ ఎత్తుకోలేదు. కూతురి వైపు తిరిగింది.

"ఏందే, నా మాట ఇన్నందుకే నీ చదువు పోయిందని ఊరంత చెప్తున్నవట?"

భూమిక దీపిక వైపు చూసింది. అది తల దించుకుంది.

"ఊరంత చెప్పలే అవ్వా. దాన్ని జర జాగ్రత్త పడుమన్న, గంతే."

"ఆనాడు పేర్చలేదంటివి. ఇయ్యాల పేర్చిన్నంటున్నవ్. ఏది అబద్ధం?"

"పేర్చలే అన్నదే అబద్ధం."

"అంటే నేను పేర్చుమన్న పువ్వులు సమాధి పువ్వులు. నేను చెప్పిన గడపలనే మనిషి సచ్చిండు. గంతేనా?"

"ఆయన రోగంతోని పోయిండు అవ్వా. పువ్వులతోని కాదు. కాకపోతే వాళ్ళు గట్ల అనుకున్నరు, నన్ను ఎల్లగొట్టిండ్రు."

ఒక్క క్షణం దుర్గవ్వ కళ్ళు బెదిరాయి. భూమిక చూసింది. తల్లి నమ్మింది. ఆ ఫోన్, తన నోటితో చెప్పిన గడప, దీపం, అన్నీ ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ వెంటనే చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళను చూసింది. తన పాట కోసం, తన మాట కోసం ఎదురుచూసే ముఖాలు. దుర్గవ్వ నమ్మడం మానుకుంది. మానుకోవడం కూడా భూమిక కళ్ళారా చూసింది.

"చదువు రాక గౌరమ్మ మీదికి నెట్టినవ్. తల్లి ముందట నిలవడి నిజం చెప్పు. లెంపలేసుకో."

భూమిక చేతిలో ఫోను ఉంది, లువీజా కొడుకు పంపిన మెసేజ్ ఇంకా అందులో ఉంది, తీసి చూపొచ్చు. చూపి ఏం చెయ్యాలి? రేపటి నుంచి ఈ మనిషి ఎట్లా పాడుతుంది? పాడకపోతే ఎట్లా బతుకుతుంది? భూమికకు తల్లి మీద ఇంతకు ముందెన్నడూ రానంత కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ జాలీ వచ్చింది. ఆ రెంటిలో జాలే ఆమెను ముంచింది.

"అబద్ధమే చెప్పిన. నేను ఆనాడు పేర్చలే" అంది. గౌరమ్మ ముందు నిలబడి రెండు చెంపలూ వాయించుకుంది. గట్టిగానే వాయించుకుంది.

దుర్గవ్వ గుండెల నిండా ఊపిరి తీసుకుంది. కూతురి తల నిమిరి, "గట్ల ఒప్పుకుంటే తల్లి సల్లగ చూస్తది" అంది. తరువాత దీపికను దగ్గరికి పిలిచి నొసట బొట్టు పెట్టింది. "ఇన్నవా బిడ్డా? ఏం ఫికర్ పెట్టుకోకు. నేను చెప్పినట్టే చెయ్యి. పోంగనే ఇంటామెకు పువ్వులియ్యి."

దీపిక ముఖం విప్పారింది. "ఆడ చామంతులు మస్తుగ దొరుకుతయట పెద్దమ్మా, అక్కనే చెప్పింది."

"ఇంకేం మల్ల, అవే ఇయ్యి" అంది దుర్గవ్వ.

భూమిక చెంపలు మండుతున్నాయి. నోట్లో మాట ఉంది. ఇప్పుడే అబద్ధమని ఒప్పుకున్న మాటను మళ్ళీ చెబితే వినేవాళ్ళు లేరు. దుర్గవ్వ పాట ఎత్తుకుంది. ఆడవాళ్ళంతా వంగి చప్పట్లు కొడుతూ తిరగడం మొదలుపెట్టారు. పక్కామె తోస్తే భూమిక కూడా వరుసలో కలిసింది.