మా అత్త జ్వరం చూసిన పెట్టె

ఆ రోజుల్లో నాకు డిప్లొమా పట్టా మీద ఎంత నమ్మకమో, నా నోటి మీద అంతకు రెట్టింపు ఉండేది. తిరుపతిలో సోలారు మోటార్లు బిగించే కంపెనీలో చేరి, మొట్టమొదట ఒంటిచేత్తో బిగించింది పూతలపట్టు దగ్గర మా మేనత్త టమోటా తోటలోనే. పలకల నుంచి వచ్చే కరెంటును మోటారుకు సరిపడేలా మార్చే ఇనప పెట్టె ఒకటుంటుంది. దాన్ని చూపించి ఉపన్యాసం దంచాను. "అత్తా, ఇది మనిషి మాదిరే. రెండు ముక్కులుండాయి (ఫ్యాన్లన్నమాట). ఒకటి మూసుకుపోయినా రెండోదాంతో పని చేస్తానే ఉంటాది. వొళ్ళు మరీ కాలితే తనంతట తానే పడుకుంటాది. దీనికి చావే లేదు!" (ఆఖరి మాట కంపెనీ పుస్తకంలో లేదు, నా సొంతం.)

రెండు నెలలు తిరిగేసరికి అత్త నుంచి కంపెనీకి ఫోను. మిట్టమధ్యాహ్నం కాగానే పెట్టె పడుకుంటోందట. పూతకొచ్చిన టమోటా వాడిపోతోందట. మా మేనేజరు, "నీ అత్త తోటలోనే నీ మోటారు నిలబడకుంటే, రేపట్నుంచి నువ్వూ ఆడనే కాయలు కోసుకో అప్పా" అన్నాడు. పొద్దున్నే వెళ్ళి వైర్లన్నీ మళ్ళీ బిగించాను. నేను బస్సెక్కగానే ఆగింది. మర్నాడు పొద్దున పెట్టెలోని సర్క్యూటు కార్డు మార్చాను. మళ్ళీ అంతే. మూడోసారి చెప్పకుండా మధ్యాహ్నం వెళ్ళాను. చూద్దును కదా, పెట్టెకు తడి గోనెసంచి చుట్టి, చెంబుతో నీళ్ళు చిలకరిస్తోంది మా అత్త!

"అత్తా! గాలాడకనే కదా అది ఆగిపోతా ఉండేది!"

"కేకలెయ్యగాకురా. చెయ్యి పెట్టి సూడు, పెనం మాదిరి కాల్తా ఉండాది. మనిషి మాదిరంటివే, జ్వరమొస్తే తడిగుడ్డ వెయ్యరా? సంచి కప్పింది నాలుగు దినాలే, అదీ ఎండెక్కినాకనే. జ్వరం అంతకు ముందే ఉండాది. ఎడమ ముక్కు ఊపిరి తీయడంలే, సూసినావా?"

"మరి చెప్పలేదే?"

"నువ్వు అడిగితేనా? వస్తానే మూత ఇప్పి తలకాయ లోపల పెడితివి!"

సంచి లాగి చూస్తే నిజమే. ఎడమ ఫ్యాను రెక్కల మధ్య కందిరీగ మట్టి గూడు. రెండోది ఒక్కటే చప్పుడు చెయ్యకుండా బండి లాక్కొచ్చింది, మిట్టమధ్యాహ్నపు ఎండకు మాత్రం చాలలేదు. ఒకటి పోయినా ఆగదని గొప్పలు పోయానేగానీ, ఒకటి పోయిందని ఎవరు చెబుతారో ఆలోచించలేదు. ఫ్యాను మార్చాను. అత్త ఆ సంచినే పెట్టెకు మూరెడు పైన నీడగా కట్టింది. టమోటా తేరుకుంది, నా ఉద్యోగమూ తేరుకుంది. (ఆ నీడ నా ఆలోచనేనని మేనేజరుకు చెప్పాను.)

ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్ళు ఫోన్లోనే పెట్టె యోగక్షేమాలు చూస్తారు. నేను మాత్రం ముందు అరచెయ్యి ఆనిస్తాను. మొన్న ఆయాసపడుతూ తోటకు వెళితే, అత్త నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. "పెట్టె బాగనే ఉండాది. నీ సంగతేందిరా?" అంది. నాకేం, చావే లేదని చెప్పబోయి, ఈసారి నోరు మూసుకుని కూర్చున్నాను.