తీగ పీకేశాక దిగిన ప్యాకేజీ

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, ఏదీ చూపించమని తగవుకు దిగే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఇది రాస్తుంటే నాకే చిరాగ్గా ఉంది.

మాది పద్మారావు నగర్. కంప్యూటర్ నాకు ఎవరూ నేర్పలేదు. చెడగొట్టుకుంటూ, బాగుచేసుకుంటూ నేనే నేర్చుకున్నాను. నా మిత్రుడు ప్రకాశం చర్చికి పాటలు కట్టేవాడు. వాటిని స్వరాలతో సహా, లినక్స్‌తో నడిచే నా కంప్యూటర్‌లోనే ఎక్కించేవాళ్ళం. అందుకు వాడిన ప్రోగ్రాము ఏనాటిదో. ఆ ఫైళ్ళు మరెందులోనూ తెరుచుకోవు.

ప్రకాశం పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూటంలో అతని పాటలే పాడించాలని అతని భార్య సరోజమ్మ పట్టుదల. అచ్చు కాపీలు చెదలు తినేశాయి. ఆమెకు పల్లవులు తప్ప చరణాలు గుర్తులేవు.

సరిగ్గా అప్పుడే నా డిస్కు మొరాయించింది. కొత్తది కొని పాటల ఫోల్డరు ఎక్కించుకుని, పాతది తుక్కువాడికి ఇచ్చేశాను. ప్రోగ్రామును తెచ్చుకోలేదు. ఎందుకు తెచ్చుకోవాలి? ప్యాకేజీ మేనేజర్‌కు పేరు చెబితే నెట్ నుంచి అదే తెచ్చి పెడుతుంది, కుళాయి తిప్పినట్టు.

పేరు కొట్టాను. అలాంటి ప్యాకేజీ, అంటే ప్రోగ్రాము, లేదంది. పాతబడిందని ఎత్తేశారట. ఎవర్నడిగి ఎత్తేశారు? పని చేస్తున్నదానికి వయసుతో ఏం పని? నెట్ అంతా గాలించాను. ఎక్కడా లేదు.

మధ్యాహ్నం సరోజమ్మ వచ్చి కూర్చుంది.

"ఏందన్నా, ఎప్పుడు జూసినా కంప్యూటర్ కంప్యూటర్ అంటవ్. నాలుగు పాటలు తియ్యనీకి ఇంత పరేషానా?"

"పాటలున్నయి చెల్లె. తెరిచేదే లేదు. తీసేసిన్రు."

"గట్లెట్ల తీసేస్తరు? మనిషి పాయె, ఆయన పాటలు సుత పాయెనా?"

కోపంతో నెట్ తీగ పీకి నేల మీద పడేశాను. ఆ మెషీన్‌కు వైఫై లేదు. పై బాణం మీట నొక్కితే వెనకటి కమాండు మళ్ళీ వస్తుంది. చేతి అలవాటు కొద్దీ అది నొక్కి, ఎంటర్ కొట్టాను.

ప్యాకేజీ దిగుతోందని చూపించింది. తెర మీద గీత మెల్లగా నిండింది. ప్రోగ్రాము తెరుచుకుంది. పాటలూ తెరుచుకున్నాయి.

సరోజమ్మ తెర దగ్గరికి వంగి, ఒక చరణం గొంతులోనే పాడుకుంటోంది. నేను నేల మీది తీగను చూస్తున్నాను.

కూటంలో పాటలన్నీ పాడారు. ఈసారి ప్రోగ్రామును వేరే చోట కూడా దాచుకున్నాను.

కొత్త డిస్కులోనే ఎక్కడో దాగి ఉందేమో అంటారు. దాని సీలు కవరు షాపులో నా కళ్ళ ముందే చింపారు. ప్యాకేజీలు చూసుకునేవాళ్ళకు మెయిల్ రాస్తే, తీసేసినది రావడం అసాధ్యమని జవాబిచ్చారు, నాకు తెలియనట్టు!

"వచ్చింది గదన్నా, ఇంక దాన్ని కెలకకు," అంటుంది సరోజమ్మ.

ఆమె మాట వినడం లేదు. నిన్న కూడా ఇంకో మెషీన్‌కు తీగ పీకి అదే కమాండు కొట్టాను. కనెక్షన్ లేదంది. అనవలసిన మాటే. ఆ రోజు ఎందుకు అనలేదో నాకిప్పటికీ అంతుపట్టలేదు.