గోడ వైపు తిరిగిన వక్త

ఆ కాలంల నాకు బాయి లోపల ఎంత నోరుండెనో, బాయి బయట అంత మూగతనం ఉండె. (మా మందమర్రి దిక్కు బొగ్గుగనిని బాయి అనే అంటం.) చీకట్ల నేను కథ మొదలుపెడితే బొగ్గు టబ్బులు కూడా ఆగి వినేవని మావాళ్లు ఇప్పటికీ అంటరు, మొదట అన్నది నేనే అయినా, ఇప్పటిదాకా కాదన్నోళ్లు లేరు. అట్లాంటి నన్ను పైన నలుగుర్ల నిలబెడితే నాలుక అంగిట్లకు అతుక్కునేది.

బాపు రిటైరయ్యే నెల వచ్చింది. మా దగ్గర ఆ రోజు బాయి మీదనే దండ వేసి శాలువ కప్పుతరు, తర్వాత ఇంటి మనిషొకరు మైకుల రెండు ముక్కలు మాట్లాడాలె. బాపుకు నేనొక్కణ్ణే. "ముప్పై ఐదేండ్లు చేసిన బిడ్డా. ఆఖరి రోజు కొడుకు మూగోడని అనిపియ్యకు" అన్నడు, అన్నం కలుపుకుంట.

ఇగ తప్పక, కాలనీ లైబ్రరీల ఆదివారం ఆదివారం నడిచే మాటల క్లబ్బుల చేరిన. నడిపేది రిటైరైన బడి సారు. మేము మైకు సారు అనేటోళ్లం. మొదటి రోజే నిలబెట్టిండు. "అందరికీ నమస్కారం" అని గోడ వైపు తిరిగిన. "గోడకెందుకు పెడ్తున్నవ్? మనుషులు ఇటున్నరు" అన్నడు సారు. తిరిగిన, నోరు తెరిచిన, మెడ మళ్ల గోడకే పోయింది. వెనుక కూసున్న షాట్‌ఫైరర్ మామ (బాయిల మందుపెట్టి బొగ్గు పేల్చే మనిషి) నవ్వాపుకొని, "పిల్లగాని తప్పు కాదు సారూ. బాయిల నెత్తికి లైటుంటది. ఎదుటోని దిక్కు చూసి మాట్లాడితే కండ్లల్ల కొడ్తది, తిడ్తరు. అందుకే మొకం పక్కకు తిప్పి మాట్లాడుతం" అన్నడు. సారు జర ఆలోచించి, "అయితే మాట్లాడే ముందు నెత్తి తడుముకో. లైటు లేదని నీ మెడకు తెల్వనీ" అన్నడు. నాలుగు ఆదివారాలు తడుముకున్న. ఉపన్యాసం బట్టీ వచ్చింది గని మెడ మాట వినలే.

ఆ రోజు రానే వచ్చింది. షిఫ్టు మారే యాళ, హాజరు వేసే గది ముందట రెండు వందల మంది. మైకు పట్టుకున్న. నెత్తి తడుముకున్న. "పెద్దలందరికీ..." అన్ననో లేదో మొకం గోడకు పోయింది. ఎవడో కిసుక్కుమన్నడు. కంటి కొసల బాపు కనబడ్డడు: మెడల దండ, తల కిందికి. ఆ తల చూసినంక నా మెడ దానంతటదే ఆయన దిక్కు తిరిగింది. తిరిగింది గని బట్టీ పట్టిందంతా ఎగిరిపోయింది. ఏదొస్తే అదే అన్న: "మా బాపు ఒకసారి కూలుతున్న పైకప్పును వీపుతోటి అరగంట ఆపిండు. నలుగురు బతికిండ్రు."

విన్నోళ్లంతా బాయోళ్లే. పైకప్పు వీపుకు ఆగదని అందరికీ ఎరుకే. అయినా షాట్‌ఫైరర్ మామ చప్పట్లు మొదలుపెట్టిండు, ఇగ ఆగలే. బాపు తల లేపిండు.

ఇంటికి పోతుంటే స్కూటర్ వెనుక నుంచి, "గంత అబద్ధం ఎట్లొచ్చిందిరా నీకు?" అని అడిగిండు.

"భయంల వచ్చింది బాపూ."

బాపు శాలువ సర్దుకున్నడు. "అరగంట మరీ ఎక్కువ. పావుగంట అంటే సరిపోతుండె" అన్నడు. తెల్లారి చాయ్ హోటల్ల ఆయనే నలుగురిని కూసోబెట్టుకొని చెప్తుండు, గంటసేపు ఆపిన్నని.

ఇప్పుడు నా చేతికి మైకొస్తే ఇంకొకరికి అందదు. గోడ దిక్కు చూసుకుంట చెమటలు పట్టిన ఆ పిల్లగాడు యాదికొస్తే నవ్వొస్తది, జర జాలి కూడా. బాపు లేడు. ఎవరన్న ఆ ముచ్చట అడిగితే గంట అనే చెప్తున్న. పెద్దమనిషి పెట్టిన లెక్కను నేను తగ్గించొద్దు కదా.