పేక తోక చేప

రైల్వేలో ఉన్నన్నాళ్లూ, రిటైరయ్యాక కూడా, నేను డైరీ రాయని రోజు లేదు. పొద్దున లేవగానే డాబా మీది థర్మామీటర్ చూసి ఆ అంకెను మొదటి వరుసలో రాస్తాను. మా ఆవిడ దాన్ని సూరత్ జాతకం అంటుంది. ఆ వరుసలు ఒకరికి పనికొస్తాయని నేనూ అనుకోలేదు.

సూరత్ గోడాదరాలో మా వెనక వీధిలో ఒక తెలుగు నేత కుటుంబం అద్దెకుంటుంది. ఆ ఇంటావిడ మగ్గాల షెడ్డులో తాకాలు చెక్ చేస్తుంది. తాకా అంటే మగ్గం మీంచి దిగిన గుడ్డ చుట్ట. దాన్ని వెలుతురుకు ఎదురుగా లాగుతూ తెగిన పడుగు పోగునూ, తప్పిన పేకనూ, అంటే అడ్డపోగునూ, పట్టుకోవాలి. ఆమె భర్త ముప్పై ఏళ్లు పవర్‌లూమ్‌ల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. పని మానేశాక మంచం మీద కూర్చుని గోడను చూస్తూ ఉండేవాడు. ఆయనకు చేతినిండా పని ఉండాలని, డాబా మీద చేపల తొట్టి పెట్టుకోవడానికి ఆమె ఇంటి ఓనరును ఎలాగో ఒప్పించింది. మూడు నెలలు చూస్తాననీ, నీళ్లు కంపు కొడితే మాత్రం తీసేయాలనీ ఓనరు షరతు పెట్టాడు.

“జిలేబి చేపలల్ల గూడ జాతులుంటయంట గద సారూ. మీరు సదువుకున్నోళ్లు, జర చూసి చెప్పున్రి,” అని ఆమె నా దగ్గరికి వచ్చింది.

నేను వారం రోజులు చదివి తిలాపియాల, అంటే ఆ జిలేబి చేపల, పట్టిక గీశాను. నీలి రకం చలికి ఓర్చుకుంటుంది, కానీ నా పాత డైరీలన్నీ తిరగేసినా దాని అవసరం పడేంత చల్లటి ఉదయం ఒక్కటీ దొరకలేదు. ఎర్ర రకం చూడముచ్చటగా ఉంటుంది, కొంగకు కూడా అలాగే కనిపిస్తుంది. మొజాంబిక్ రకం అరచెయ్యంత కాకముందే పిల్లల్ని పెట్టి తొట్టి నింపేస్తుంది, నీళ్లు పాడవుతాయి. కాబట్టి నైల్ రకం, అందులోనూ పిల్లల బెడద లేకుండా అన్నీ మగవి. చేపపిల్లలు అమ్మేవాడు అవే ఇచ్చానన్నాడు. ‘నైల్, నలభై’ అని రాసుకున్నాను.

సగానికి కోసిన నీళ్ల ట్యాంకులో చేపలు, పైన కంకర పరిచిన ట్రేలో పుదీనా. చిన్న మోటారు నీళ్లను పైకి తోస్తుంది, అవి కంకరలోంచి వడిసి మళ్లీ కిందికి పడతాయి. మోటారు ఆగితే ఆమె భర్తకు వినపడదు. గొట్టానికి అరచెయ్యి ఆనించి తెలుసుకునేవాడు. నాకు చప్పుడు తేడాగా అనిపించేలోపే ఆయన లేచి మోటారుకు అడ్డుపడ్డ జల్లెడ కడుగుతూ ఉండేవాడు.

మూడో నెల చివర ఒక చేప మేత ముట్టడం మానేసింది. గొంతు ఉబ్బి ఉంది. నేను ‘జబ్బు’ అని రాసి, ఉప్పునీళ్లలో వేయమన్నాను. ఆమె దాన్ని తడిచేత్తో ఎత్తి నోట్లోకి చూసింది.

“జబ్బు గాదు సారూ. నోట్ల గుడ్లు వెట్టుకున్నది. మీ బుక్కుల అన్నీ మగయే అన్నరు గద.”

ఈ వయసుకే గుడ్లంటే అది మొజాంబిక్. అమ్మేవాడి మాట రాసుకున్నానే తప్ప చేపను చూడలేదు. ఓనరు రావలసింది ఆ ఆదివారమే.

ఆమె ఖాళీ పచ్చడి సీసాలో నీళ్లు పోసి, ఒక్కో చేపనూ అందులో వేసి ఎండకు ఎత్తి పట్టింది. “గీ తోక మీద చూడున్రి, పేక పోగులు నడిచినయ్. గీ దానికి లేవు. పేక తప్పిన తాకా లెక్క.”

డైరీ తీశాను. నైల్ రకానికి గుర్తు తోక మీది నిలువు చారలే. ఆ వాక్యం అందులో నా దస్తూరీలోనే ఉంది. ఆమె అరగంటలో నలభై తోకలూ చూసి పదకొండింటిని పక్కకు తీసింది. రెండింటి దగ్గర నేను వాదించాను. భూతద్దం పెట్టి చూస్తే ఆమె మాటే నిజమైంది. అంత చూపు ముందు నా పట్టిక ఏపాటిది? ‘నైల్’ కొట్టేసి ‘పేక తోక, ఇరవై తొమ్మిది’ అని రాశాను. తీసినవాటిని కాలువలో వదిలితే అక్కడా నిండిపోతాయి, వదలకూడదన్నాను.

“కాలువలెందుకు సారూ, చింతపండు లేదా ఇంట్ల?” అంది.

ఆదివారం ఓనరు మెట్లెక్కుతూనే ముక్కు ఎగబీల్చాడు. తొట్టి దగ్గర వంగి దోసిట్లో నీళ్లు తీసుకుని వాసన చూశాడు. “చోఖ్ఖుం ఛే,” శుభ్రంగానే ఉన్నాయన్నాడు. మరి మెట్ల మీద ఆ వాసనేమిటని అడిగాడు. అది పులుసు కుండది, తొట్టిది కాదని ఆమె హిందీలో చెప్పింది. ఆయన నవ్వు ఆపుకోలేక, ఉండనిమ్మని చెయ్యి ఊపి దిగిపోయాడు.

ఆ మాటలేవీ భర్తకు వినపడలేదు. గొట్టం మీద చెయ్యి పెట్టుకుని ఆమె ముఖమే చూస్తున్నాడు. ఆమె తల ఊపింది. ఆయన గొట్టం మీంచి చెయ్యి తీసి మేత డబ్బా అందుకున్నాడు.