తిరగేసిన బండ

తాండూరులో తలుపులు చేసే జహూర్‌కు తన చేతిపని మీద ఉన్న నమ్మకం ఇంకొకరి సరుకు మీద ఉండదు. అందుకే తలుపు మీద అంటించిన వెనీర్ అనే పల్చటి టేకు చెక్కపొర అరచేయంత మేర ఉబ్బగానే, జిగురు డబ్బా చంకన పెట్టుకుని వికారాబాద్ రైలెక్కాడు.

"గమ్ముల నీళ్లు కలుపుతున్నవా సేటూ?" అని నలుగురు గిరాకీల ముందే దుకాణదారు రూపేష్‌ను కడిగిపారేశాడు. రూపేష్ కొత్త డబ్బా చేతిలో పెట్టాడు.

కొత్త జిగురుతో చేసిన తలుపూ ఉబ్బింది. జహూర్ దాని మీద గోటితో కొట్టుకుంటూ పోయాడు. అంతటా గట్టిగా పలికింది, నడుమ మాత్రం డొల్లగా పలికింది. పాత తలుపు మీదా కొట్టి చూశాడు. అదే చోటు, అదే కొలత.

జిగురు చెడితే కొలిచినట్టు ఒక్కచోటే ఎందుకు లేస్తుంది? వెనీర్ ఆరేదాకా అదిమిపెట్టే నాపరాయి బండను ఎత్తి చూశాడు. అడుగున గరుకు ముఖం, దాని నడుమ అరచేయంత గుంట. జిగురు కారి నున్నటి ముఖం పాడవుతోందని పోయిన నెల బండను తిరగేసింది తనే. గుంట కింద వెనీర్‌కు బరువే తగల్లేదు.

మర్నాడు మళ్లీ రైలెక్కాడు. దుకాణంలో ఎవరూ లేరు.

"ఇది గూడ ఖరాబైందా చాచా?" అంటూ రూపేష్ ఇంకో డబ్బా అందుకోబోయాడు.

జహూర్ వద్దన్నట్టు చేయి ఊపి స్టూలు మీద కూర్చున్నాడు. నలుగురు గిరాకీలు పోగయ్యాక లేచాడు.

"గమ్ము మంచిదే సేటూ, ఖరాబు చేసింది నేనే," అన్నాడు, మొదటిసారి అరిచినంత గట్టిగా.